గండికోట: కన్నులకు మాత్రమే కాదు

జమ్మలమడుగు నుండి పడమరగా పదునైదు కిలోమీటర్లు పోయినచో గండికోట వాకిలి వచ్చును. సెలవుదినములందు అచ్చటికి వచ్చు జనము తక్కువ కాదు. వారిలో పెక్కుమంది యాత్ర ఒకే తీరున సాగును. వాకిలి దాటుదురు, కోటలోపలి ఊరి వీథిగుండ నడచి, మసీదు ప్రక్కగా కొండ అంచునకు పోవుదురు, క్రింద పెన్నను చూచి ఆశ్చర్యపడుదురు, ఫోటోలు తీసికొందురు, ఎండ ముదరకమునుపే తిరుగుముఖము పట్టుదురు. రెండు గంటలలో ముగియు పని. ఇది ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని వారికి ముందే ఎవరో చెప్పియుందురు. ఆ మాట విని వచ్చినవారు ఆ మాటకు సరిపోయినంత మేరకే చూచి పోవుచున్నారు.

నిజమునకు ఈ పోలిక గండికోటకు మేలు చేయునది కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రమున కొలరాడో నది కోసిన లోయ పొడవు సుమారు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల మైలును మించును. పెన్న కోసిన ఈ లోయ లోతు ఇంచుమించు మున్నూరు అడుగులు. కొలబద్దతో పందెము వేసినచో ఓటమి తప్పదు. ఇంతకును ఈ చోటికి తనదైన పేరు లేకపోలేదు. చెఱువుకట్ట తెగినపుడు రైతు ‘గండి పడినది’ అనును. ఎఱ్ఱమల కొండలకు పెన్న కొట్టిన గండి ఇది. ఆ గండిని కాచిన కోట గండికోట. ఒక్క మాటలో నది, కొండ, మనుష్యుని పని మూడును ఇమిడియున్నవి. భూగర్భశాస్త్రజ్ఞులు నూరుకోట్ల ఏండ్లకు మించిన వయస్సుగల ఈ ఎఱ్ఱని గట్టిరాతికి ‘గండికోట క్వార్ట్‌జైట్’ అనియే పేరిడినారు. శాస్త్రగ్రంథములలో ఇచ్చటి పేరు నిలిచియుండగా, ఇచ్చటి పర్యాటకులు మాత్రము అరువు పేరుతో వచ్చుచున్నారు.

అరువు పేర్లు ఈ సీమకు క్రొత్త కాదు. 1800లో నైజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినది మొదలు ఇవి ‘దత్తమండలములు’. ఒకరు ఇచ్చినవి, మరియొకరు పుచ్చుకొన్నవి అనుటకంటె ఆ పేరునకు అర్థము లేదు. నూటయిరువది యెనిమిదేండ్లు ఆ పేరు మోసిన తరువాత, 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అను పేరును ప్రతిపాదింపగా జనము దానిని తమదిగా చేసికొన్నారు. పేరు మారినంతమాత్రమున వాన కురియలేదు, నిజమే. కాని ఆ పేరుతో పాటు సీమవారికి ఒక చరిత్ర జ్ఞప్తికి వచ్చినది.

కోటలో ఆ చరిత్రను వెదకువారు తొందర విడువవలెను. మాధవరాయస్వామి ఆలయ గోపురము దూరమునుండియే కనబడును. లోపల మండపపు కంబములపై శిల్పమునకు లోటు లేదు. గర్భగుడిలో మాత్రము మూర్తి లేదు. రంగనాథాలయము మరింత శిథిలమైనది. ఆ గుళ్ళకు అనతిదూరముననే జుమ్మా మసీదు, దాని ప్రక్కన కోనేరు, దాపుననే ఎత్తైన కప్పుగల ధాన్యాగారము. ముట్టడి వచ్చినపుడు కోట నిలుచునది ఫిరంగులవలన కంటె ఈ ధాన్యాగారమువలన, ఈ కోనేటివలన అనునది విద్యార్థులకు చూపి చెప్పదగిన విషయము. వానలు తక్కువైన సీమలో కొండమీద నీటిని నిలిపినవాడే దుర్గాధిపతి.

విజయనగర ప్రభువుల కాలమున ఈ దుర్గము పెమ్మసాని నాయకుల చేతిలో ఉండెను. 1520 నాటి రాయచూరు యుద్ధ కాలమున కృష్ణరాయల కొలువులో పేరుపొందిన పెమ్మసాని రామలింగనాయని కథ ‘రాయవాచకము’ చదివినవారెరుగుదురు. కోట పుట్టుక సంగతి అంత తేటగా లేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడగు కాకరాజు 1123లో దీనిని కట్టించెనని ప్రచారములో నున్న కథ. కాని ఆ సోమేశ్వరుడు 1068లోనే కురువత్తి కడ తుంగభద్రలో తనువు చాలించినాడు. చనిపోయిన యేబదియైదేండ్లకు సామంతునిచేత కోట కట్టించుట ఎట్టి చక్రవర్తికిని సాధ్యము కాదు. తారీకో, రాజో, రెండునో పొరపాటు కావలెను. పుస్తకములు ఒకదానినుండి ఒకటి ఎత్తి వ్రాసికొన్నవే గాని ఈ లెక్క కట్టి చూచినవి తక్కువ. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఇంతకంటె మంచి చరిత్రపాఠము దొరకదు: రెండు తారీకులు నల్లబల్లపై వ్రాసి, ఏది నమ్మవలెనో, ఏల నమ్మవలెనో వారినే అడుగవచ్చును.

ఇట్టి కథలకు మూలమైన గ్రామచరిత్రలు, అనగా కైఫీయతులు, పందొమ్మిదవ శతాబ్దారంభమున కల్నల్ మెకంజీ ప్రోత్సాహమున సేకరింపబడినవి. కావలి సోదరులు మొదలైన తెలుగువారు ఆ పనిలో ఆయనకు కుడిభుజములు. కడపలో బంగళా కొని, పండితులను కూర్చుకొని తెలుగు గ్రంథములను పరిష్కరింపించిన సి. పి. బ్రౌను పేరిట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల కృషివలన వెలసిన భాషా పరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫీయతులను సంపుటములుగా అచ్చువేసినది. గండికోట చూడబోవు ఉపాధ్యాయుడు ముందుగా ఆ సంపుటములను తిరుగవేసినచో రాళ్ళు సగము మాటలాడును.

తక్కిన సగము ఒక పరదేశి వ్రాతలో ఉన్నది. గోలకొండ సుల్తాను వజీరు మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకొన్న కొలది కాలమునకే, 1652లో, జీన్ బాప్టిస్ట్ తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఇచ్చటికి వచ్చినాడు. మీర్ జుమ్లా పారశీకమునుండి వచ్చి వజ్రాల వ్యాపారమున ఎదిగినవాడు. ఇతడు ముత్యములు, రత్నములు అమ్మజూపవచ్చినవాడు. కోటకు ఎక్కు దారి ఇరుకనియు, ఒకవైపు అగాధమనియు, పైన వరియు జొన్నయు పండు నేల కలదనియు అతడు వ్రాసినాడు. అన్నింటికంటె కన్నులకు కట్టు దృశ్యము మీర్ జుమ్లా కచేరీ. ఆయన గుడారమున పాదరక్షలు లేక కూర్చుండి, వచ్చిన జాబులను కాలివ్రేళ్ళ సందులలోను, ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి గుమాస్తాలకు ప్రత్యుత్తరము చెప్పి వ్రాయించుచుండెనట! రాజ్యములు పట్టుకొన్నవానికి బల్ల గాని, సొరుగు గాని అవసరము కాలేదు.

ఆ పుస్తకముననే మరియొక ముచ్చట కలదు. మయే అను ఫ్రెంచివానికి మీర్ జుమ్లా ఫిరంగులు పోతపోయు పని అప్పగించినాడు. లోహమునకై చుట్టుప్రక్కల గుళ్ళనుండి రాగివిగ్రహములు తెప్పించినారు. అన్నియు కరగినవి గాని గండికోట గుడిలోని ఆరు విగ్రహములు మాత్రము ఎంత శ్రమించినను కరగలేదని తావెర్నియే వ్రాసినాడు. కొలిమి చాలలేదో, లోహము వేరో, పనివారి చేతులే ముందుకు సాగలేదో! ఈ కథను ఇచ్చటి కథకుడెవడైన చెప్పియుండినచో పుక్కిటి పురాణమని త్రోసివేయుదుము. చెప్పినవాడు వెల కట్టుట తప్ప మరొకటి ఎరుగని వర్తకుడు.

మీర్ జుమ్లా తరువాత మొగలు కొలువునకు పోయినాడు. కోట గోలకొండవారి చేతినుండి మొగలులకు, కడప నవాబులకు, మైసూరువారికి, నైజామునకు, తుదకు కంపెనీకి పోయినది. ఈ చేతులు మారిన వరుసను పరీక్షకొరకు కంఠస్థము చేయుట కంటె, ఇన్ని చేతులు మారుచుండగా చుట్టుప్రక్కల పల్లెలవారు దేనిని నిలుపుకొన్నారో అడుగుట మేలు. వారు నిలుపుకొన్నది పాట.

పాటకొరకే దూరదేశమునకు పోవు యాత్రికులు లోకమున కలరు. అమెరికా దక్షిణమున మిసిసిపి అను రాష్ట్రము కలదు. ప్రత్తి పండు నల్లని ఒండ్రునేల; ఆ ప్రత్తి చేలలో బానిసలుగను, పిమ్మట పాలికాపులుగను చెమటోడ్చిన నల్లజాతివారు పాడుకొన్న పాటనుండి ‘బ్లూస్’ అను సంగీతము పుట్టినది. 1941లో ఫిస్కు విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ వర్కు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు తరపున అలన్ లోమాక్స్ అను ఇద్దరు ఒక యంత్రము వెంటబెట్టుకొని ఆ చేలవెంట తిరిగినారు. స్టోవాల్ కామతములో ట్రాక్టరు తోలుకొనుచుండిన ఒక యువకుని పాటను ఆ యంత్రముతో పట్టినారు. అతడే పిమ్మట మడ్డీ వాటర్స్ అను పేర లోకప్రసిద్ధుడైనాడు. 2006 నుండి ఆ రాష్ట్రము గాయకులు పుట్టిన ఊళ్ళయందు, పాడిన చోట్ల, సమాధుల కడ పలకలు నాటుచు వచ్చినది. నేడవి రెండువందలకు పైబడినవి. లోయ లేదు, కోట లేదు. ఒక కూడలిలో పలక మాత్రమే. దానిని చదువుటకు సముద్రములు దాటి వచ్చుచున్నారు.

ఈ దృష్టాంతమును గొప్పకొరకు తెచ్చుట లేదు. ఆ పాటను పుట్టించిన బానిసత్వమునకు ఇచ్చటి చరిత్రలో సరియైన జోడి లేదు, ఉండకుండుటయే మేలు. కాని జమ్మలమడుగు చుట్టు నల్లరేగడి, ప్రత్తి, కరవు, అప్పు, పగ, పాట — ఇవి ఉన్నవి. లేనిది యంత్రము పట్టుకొని చేలవెంట తిరుగు మనుష్యుడు. బొత్తిగా లేడనుట అన్యాయమగును. 1874లోనే బాయిలు అను దొర తెలుగు వీరగాథలపై ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో వ్రాసినాడు. బిరుదురాజు రామరాజు జానపద గేయములను, తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథలను జీవితకాలపు పనిగా పెట్టుకొన్నారు. వారి గ్రంథములు గ్రంథాలయములలో ఉన్నవి. గండికోట దారిలో మాత్రము ఏ పాట ఏ ఊరిదో చెప్పు పలక ఒక్కటియు లేదు.

గండికోటకు ఉత్తరమున, ఒకప్పటి రేనాటిలో, ఉయ్యాలవాడ కలదు. అచ్చటి పాలెగాండ్ర కుటుంబమున పుట్టిన నరసింహారెడ్డికి కంపెనీవారు ఇచ్చిన భరణము నెలకు పదునొకండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. 1846 జూలైలో ఆయన కోవెలకుంట్ల ఖజానాపై పడినాడు, అక్టోబరులో పట్టుబడినాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనమెల్ల చూచుచుండగా ఉరితీయబడినాడు. శిరస్సును కోటబురుజుపై వ్రేలాడగట్టి 1877 వరకు, అనగా ముప్పదేండ్లు, అట్లే ఉంచినారు. చూచి భయపడవలెనని వారి తలంపు. ఆ ముప్పదేండ్లలో పుట్టి పెరిగిన బిడ్డలు ఆ తలను చూచుచునే ఆ పాట నేర్చినారు.

ప్రభుత్వపు కాగితములలో ఆయన తిరుగుబాటుదారు. పాటలో ఆయనయే దొర. కలెక్టరునకు చెల్లవలసిన బిరుదును పల్లెటూరి గాయకుడు, ఏ చట్టమునకును చిక్కకుండ, ఉరికంబమెక్కినవానికి ఇచ్చివేసినాడు. తంబుర కథగను, కోలాటపు పాటగను అది నూటెనుబది యేండ్లకు దగ్గరగా వచ్చుచున్నది. 2019లో ఆయన కథ పెద్ద చలనచిత్రమై దేశమెల్ల చూచినది, మంచిదే. అయినను చిత్రమును చూచినవారెందరో ఆ పాట వినలేదు. అదే ఊరివాడైన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవులో వేలమందికి గంజి పోయించినాడు. ఆయనపైనను పాట ఉన్నది. ఒక ఊరు కత్తి పట్టినవానిని, గరిటె పట్టినవానిని ఒకే పీటపై కూర్చుండబెట్టి పాడినది. పాఠ్యపుస్తకములకు ఇంకను ఆ పాటి ఔదార్యము అలవడలేదు.

పాటలలో కొన్ని ఇదివరకే పోయినవి. కపిల పాటల సంగతి వృద్ధులకు జ్ఞాపకముండును. బావికడ ఎద్దులు వాలుదారిన దిగుచు నిండిన తోలుసంచిని పైకి లాగును. నీరు కాలువలో పడిన పిదప వెనుకకు నడచి గట్టెక్కును. దిగునపుడు బరువు, ఎక్కునపుడు తేలిక. పాట చరణము ఆ రాకపోకల నిడివికి సరిపోవలెను. ఎద్దునకు అడుగు తప్పకుండ, తోలువానికి నిద్ర రాకుండ. విద్యుత్తు మోటారు వచ్చి ఆ చాకిరిని తప్పించినది. ఆ చాకిరి మరల రావలెనని ఎవ్వరును కోరరు. కాని చాకిరితో పాటు పాటయు వెళ్ళిపోయినది.

చెక్కభజన అట్లు కాదు, ఇంకను నిలిచియున్నది. కంచుబిళ్ళలు పొదిగిన కొయ్యచెక్కలు చేతబట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, గురువు నడుమ నిలిచి నడిపించుచుండగా వలయముగా తిరుగుచు పాడు ఆట అది. గురువు ఊరికి వచ్చి నెలల తరబడి నిలిచి, రాత్రులు పని ముగిసిన తరువాత, రామాలయము ముందట నేర్పును. పగలు నాగలి పట్టినవాడు రాత్రి చెక్క పట్టును. తెలిసినవారి సంఖ్య తగ్గుచున్నను శ్రీరామనవమికి, జాతరలకు పిలుపు రాకమానదు. ప్రభుత్వము గండికోటలో జరిపిన ఉత్సవములలో వెలుగుల వేదికపై జానపద బృందములకు చోటిచ్చినారు. వేదికపై పదినిముషములు మెచ్చుకొనుట సులభము. ఆ బృందము ఏ ఊరిదో అడిగి, మరునాడు ఆ ఊరికి పోవుట యాత్ర.

వ్రాసి ఉంచుట ఎంతటి పనియో ఈ జిల్లాల చరిత్రయే చెప్పుచున్నది. రాజంపేట సమీపమున తాళ్ళపాకలో 1408లో పుట్టిన అన్నమాచార్యుడు ముప్పదిరెండువేల సంకీర్తనములు పాడెనని ప్రతీతి. కొడుకు పెదతిరుమలాచార్యుని కాలమున అవి రాగిరేకులకెక్కి తిరుమల గుడిలో ఒక అరలో భద్రమైనవి. ఆ అర మరుపున పడినది. ఇరువదవ శతాబ్దమున రేకులు వెలికి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలైన పండితులు పరిష్కరించిన తరువాత పండ్రెండువేలకు పైగా సంకీర్తనములు లోకమునకు దక్కినవి. అయితే రేకుపై రాగము పేరు ఉన్నదే గాని స్వరము లేదు. అన్నమయ్య పాడిన తీరు అతనితోనే, అతని వంశముతోనే పోయినది. అనంతపురము జిల్లా రాళ్ళపల్లివాడగు అనంతకృష్ణశర్మ ఆ పదములకు మరల బాణీలు కూర్చినాడు. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానముల ఆస్థానవిద్వాంసునిగా సన్మానమందిన దినముననే ఆయన కన్నుమూసినాడు.

అచ్చట అక్షరము మిగిలి స్వరము పోయినది. రేనాటి పల్లెలలో నేటికిని స్వరము ఉన్నది. అక్షరము చాలవరకు ఎక్కలేదు. రెండింటిలో ఏది పోయినను మరల తెచ్చుటకు రాళ్ళపల్లివంటి మనుష్యులు తరమునకొకరైన పుట్టుదురను నమ్మకము లేదు.

ఇప్పుడు తొందర పడవలసిన కారణము మరియొకటి తోడైనది. కోటకు ఎగువన పెన్నపై కట్టిన గండికోట జలాశయము నిలువ సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. కరవుసీమకు నీటికంటె కావలసినదేమున్నది? 2020లో జలాశయమున నీరు నింపినపుడు కొండాపురం మండలములోని తాళ్ళప్రొద్దుటూరు మొదలైన ఊళ్ళు మునిగినవి. జనము పునరావాస కాలనీలకు తరలినారు. పరిహారమునకై జరిగిన ఆందోళనలు పత్రికల కెక్కినవి. ఇండ్లకు, చేలకు వెల కట్టిన పట్టికలు ఉన్నవి. ఏ రచ్చబండపై ఏ పాట పాడిరో, కోలాటము నేర్పిన గురువెవరో, పొలముల పేరులేవో, ఆ పట్టికలలో గడి లేదు. ఒక ఊరివారు పలుచోట్లకు చెదరినపుడు వలయముగా నిలిచి ఆడు ఆట మొదట దెబ్బతినును. వలయమునకు పదునారుగురు కావలెనన్నచో పదునారుగురు ఒకే వీథిలో ఉండవలెను గదా!

కనుక పిల్లలను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయులు ఒక్క పగటితో ముగించుకొని రావలదు. వానలు వెనుకబట్టిన తరువాత, కార్తీకము మొదలు మాఘమువరకు, ఎండ ఓర్వదగినదిగా నుండును. కొండ అంచున కాపుదల అంతటను లేదు. చిన్నపిల్లల చేయి విడువరాదు. మొదటి దినము కోటకు చాలును. రెండవ దినమున ఎఱ్ఱగుంట్ల వైపు కలమళ్ళకు పోవచ్చును. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటి తెలుగు శాసనము దొరకిన ఊరు అది, కాలము సుమారు 575. తెలుగు వాక్యముతో రాతికెక్కిన తొలి శాసనముగా పండితులు దానిని ఎన్నుచున్నారు. ఆ రాతిమీది లిపి చిత్రమును ముందే నకలు తీసికొని పోయినచో పిల్లలు తమకు తెలిసిన అక్షరములు ఒకటి రెండు గుర్తుపట్టగలరు.

రాత్రులు పల్లెలవి. ఎవరింటి అవ్వయైనను అడిగినంతనే పాడదు. ముందు పిల్లలచేత ఒక పాట పాడింపవలెను. అది విని ఆమె నవ్వి, అది అట్లు కాదని మొదలుపెట్టును. చేతిఫోనులో గొంతు పట్టుకొనుట నేడు ఎంతటి చిన్నవానికైనను తెలిసిన విద్యయే. పట్టుకొనుటకు ముందు అనుమతి అడుగవలెను. మాటలను అచ్చటనే కాగితముపై వ్రాసికొని, పాడినవారికి చదివి వినిపించి దిద్దుకొనవలెను. యాసను సవరింపరాదు. పాట ఎవరివలన నేర్చినారో, ఏ పనిలో పాడుదురో, ఏ ఊరో వ్రాయవలెను. కాలనీలో ఉన్నవారైనచో ఊరిపేరు కడ నీట మునిగిన ఊరి పేరునే వ్రాయవలెను. అడిగి చూచినచో వారు చెప్పునదియు ఆ పేరే.